ఆ ముప్పై మార్కులు మనవి కావా?

"రాతపరీక్ష ఎట్లయినా గట్టెక్కుతామన్నా, ఇంటర్వ్యూ అంటేనే కాళ్లు వణుకుతాయి." కర్నూలు, కడప హాస్టళ్లలో పీహెచ్‌డీ సీటుకు తయారయ్యే పిల్లల మాట ఇది. ఈ భయాన్ని పిల్లల పిరికితనం కింద కొట్టేస్తే పొరపాటు. ఇది ప్రాంతం సమస్య.

2016లో యూజీసీ రాతపరీక్షను అర్హతకే పరిమితం చేసి, సీటును పూర్తిగా ఇంటర్వ్యూ చేతిలో పెట్టింది. జేఎన్‌యూ విద్యార్థులు దానిమీద కొట్లాడారు. 2022 నిబంధనల్లో రాతపరీక్షకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం అన్నారు. జేఆర్‌ఎఫ్ వచ్చినవాళ్లకు ఇంటర్వ్యూనే దిక్కు. ఒకటి రెండు మార్కుల తేడాతో సీటు చేయిజారే చోట ముప్పై మార్కులంటే మాటలా?

ఆ గదిలో కొలిచేది చదువునొక్కటే కాదు. ఇంగ్లీషు ఒరవడి, కూర్చునే తీరు, ఇంట్లో పుస్తకాల బీరువా ఉందా లేదా అన్నదీ కొలుస్తారు. వేరుశనగ చేలో పనిచేసి వచ్చిన పిల్లకు ఇవి ఎక్కణ్నుంచి వస్తాయి? "రాయలసీమా? బాంబులు బాగా వేస్తారంట కదా" అని ఎవరైనా నవ్వితే తల దించుకోవద్దు. సినిమా చూపని సీమను మాటల్లో చూపించండి.

మన నేలే పెద్ద సిలబస్. కర్నూలు-కడప కాలువను 1860లలో లాభాల కోసం తవ్వించింది ఒక ప్రైవేటు కంపెనీ. అది నష్టపోతే 1882లో సర్కారు కొనుక్కుంది. చరిత్ర, ఆర్థికశాస్త్రం, ఇంజనీరింగ్ ఏది చదివినా అందులో పరిశోధనకు అంశముంది. జియాలజీ వాళ్లకు పాత కడప జిల్లా మంగంపేట ముగ్గురాయి, తెలుగు వాళ్లకు కడపలో సి.పి. బ్రౌన్ గ్రంథాలయం ఉన్నాయి.

అడిగేవి ప్రధానంగా మూడే: ఈ అంశం ఎందుకు? ఇంతకుముందు ఎవరేం రాశారు? నువ్వెట్లా చేస్తావు? వీటికి రెండేసి నిమిషాల జవాబు బట్టీ పట్టకుండా సొంత మాటల్లో చెప్పగలగాలి. ఇంగ్లీషు చిన్న వాక్యాల్లో చాలు. తెలియనిది తెలియదనండి. ఐదుగురు కలిసి ఆదివారం ఒకరినొకరు ప్రశ్నించుకుంటే వణుకు సగం పోతుంది.

మిగతా సగం మన పెద్దల బాధ్యత. కడప యోగి వేమన, కర్నూలు రాయలసీమ విశ్వవిద్యాలయాలు ఏటా నమూనా ఇంటర్వ్యూలు పెట్టాలి. ఉద్యోగ సంఘాల్లోని లెక్చరర్లు నెలకు ఒక్క ఆదివారం ఇవ్వాలి. ఏ విశ్వవిద్యాలయమైనా రాతపరీక్ష మార్కులు, ఇంటర్వ్యూ మార్కులు విడివిడిగా బయటపెట్టాలి. తీసేసిన చేయి ఎవరిదో తెలియాలి కదా!

1937 శ్రీబాగ్ ఒడంబడికలో అనంతపురానికి విశ్వవిద్యాలయ కేంద్రం అన్నారు. అక్కడ సొంత విశ్వవిద్యాలయం వచ్చింది 1981లో. 1973 ఆరు సూత్రాల పథకంలోని కేంద్రీయ విశ్వవిద్యాలయం హైదరాబాదుకు పోయింది. సీమ గడ్డమీద అటువంటిది చూడడానికి 2018 దాకా ఆగాల్సొచ్చింది. నీళ్లలో వాటా, ఉద్యోగాల్లో వాటా అడుగుతున్నాం. ఇంటర్వ్యూ గదిలో పోయే వాటాను కూడా లెక్కలో రాసుకోవాలి. రాష్ట్రం వచ్చిననాడు వస్తుంది, ఈలోగా మన పిల్లల్ని ఆ గుమ్మం దాటించడం మన చేతిలో పనే.