నాలుగు సెకన్ల మూఢనమ్మకం

కొత్తగా కారు కొన్నవాణ్ణి మనవాళ్లు అడిగే ప్రశ్నలు రెండు. ఎంత పడింది? మైలేజ్ ఎంత? కొన్నది స్పోర్ట్స్ కారయితే రెండో ప్రశ్న మారుతుంది: పికప్ ఎంత? అంటే, సున్నా నుంచి వంద కిలోమీటర్ల వేగం అందుకోవడానికి ఎన్ని సెకన్లు పడుతుందని. జవాబు మూడుతో మొదలైతే అబ్బో అంటారు. నాలుగంటే పర్లేదంటారు. ఐదంటే ఆ బండి లెక్కలోంచి పోయినట్టే.

ఈ ఒక్క అంకె పట్టుకుని బండి సత్తా తేల్చేయడం తప్పు. ముఖ్యంగా మధ్య శ్రేణి స్పోర్ట్స్ కూపేల విషయంలో, అంటే పోర్షే 718 కేమన్ ఎస్, ఆల్పీన్ ఎ110, బీఎండబ్ల్యూ ఎం2 లాంటి రెండు తలుపుల చిన్న బండ్ల విషయంలో, ఇది అన్యాయం కూడా. ‘యాభై లక్షల ఎలక్ట్రిక్ సెడాన్ వీటిని సిగ్నల్ దగ్గరే వెనక్కి నెట్టేస్తుంది, ఇంక వీటితో పనేముంది?’ అనే మాట ఇప్పుడు ఎక్కడ చూసినా వినిపిస్తోంది. మొదటి సగం నిజమే. రెండో సగాన్ని నేను ఒప్పుకోను.

ముందు ఆ అంకె ఎలా పుడుతుందో చూద్దాం. ఈ తరం ఆటోమేటిక్ స్పోర్ట్స్ కార్లలో చాలావాటికి లాంచ్ కంట్రోల్ ఉంటుంది. ఎడమ కాలితో బ్రేక్ తొక్కిపట్టి, కుడి కాలితో యాక్సిలరేటర్ అడుగంటా నొక్కి, బ్రేక్ వదిలేయాలి. అంతే. ఆ తర్వాత టైర్లు జారకుండా చూసేదీ, గేర్లు మార్చేదీ కంప్యూటరే. స్టీరింగ్ తిప్పేది లేదు, మలుపు లేదు, ఆగేది లేదు. నడిపేవాడు చేసే పనేమీ లేదు. పైగా అమెరికా పత్రికల్లో ఇంకో ఆచారం ఉంది. డ్రాగ్ రేసుల నుంచి వచ్చిన పద్ధతి ప్రకారం బండి కదిలిన మొదటి అడుగు దూరాన్ని లెక్కలో వేయరు. దాంతో రెండు మూడు పదో వంతుల సెకన్లు తగ్గిపోతాయి. టెస్లా మోడల్ ఎస్ ప్లెయిడ్ అరవై మైళ్ల వేగానికి రెండు సెకన్ల లోపేనని ప్రకటించుకున్నది కూడా ఆ అడుగు తీసేసిన లెక్కే. ఒక పదో వంతు కోసం బండ్లను పోల్చుకుని పోట్లాడుకునే మనం, అసలు ఎక్కడి నుంచి కొలిచారో కూడా అడగం.

ఇప్పుడు మూడు బండ్లను పక్కపక్కన పెడతాను. 2016లో వచ్చిన మొదటి ఎం2కి 370 హార్స్‌పవర్, బరువు సుమారు 1,500 కిలోలు. మాన్యువల్ గేర్లతో వందకి 4.5 సెకన్లు. 2023లో వచ్చిన కొత్త ఎం2కి 460 హార్స్‌పవర్, బరువు 1,700 కిలోలు, 4.3 సెకన్లు. తొంభై గుర్రాలు అదనంగా కట్టి సంపాదించింది సెకనులో ఐదో వంతు. దానికి బదులుగా రెండు క్వింటాళ్ల బరువును ప్రతి మలుపులో, ప్రతి బ్రేక్‌లో మోయాలి. ఇక ఆల్పీన్ ఎ110. ఫ్రాన్స్‌లోని డియెప్‌లో తయారైన ఈ బండి 2017లో వచ్చింది. 252 హార్స్‌పవర్, 1,103 కిలోలు. వందకి ఎంతో తెలుసా? అదీ 4.5 సెకన్లే. పికప్ అంకెలో ఈ మూడూ ఒక్క గుంపే. నడిపితే మాత్రం ఆల్పీన్‌కీ కొత్త ఎం2కీ మధ్య ఉన్న ఆరు క్వింటాళ్ల తేడా మొదటి మలుపులోనే చేతికి తెలుస్తుంది. ఆ తేడాను చూపించలేని కొలత ఏం కొలత?

ఇంకో లెక్క ఎవరైనా కాగితం మీద వేసుకోవచ్చు. 4.6 సెకన్లలో వంద అందుకునే బండి సగటున గురుత్వాకర్షణలో 0.6 వంతు బలంతో ముందుకు వెళ్తుంది. అదే బండి మంచి టైర్లతో వంద నుంచి 35 మీటర్లలో ఆగిందనుకోండి, అక్కడ పనిచేసే బలం 1.1 వంతు. సమయం రెండున్నర సెకన్లే. అంటే బండి అన్నిటికంటే గట్టిగా చేసే పని పరుగెత్తడం కాదు, ఆగడం. ఆ పని ఎంత బాగా చేస్తుందో బ్రోచర్లో పెద్ద అక్షరాలతో వేయగా నేనింతవరకు చూడలేదు.

నా వాదనకు అన్నిటికంటే గట్టి సాక్ష్యం పోర్షే ఇచ్చిన లెక్కల్లోనే ఉంది. 2016లో బాక్స్‌స్టర్, కేమన్ బండ్లకు 718 అని కొత్త పేరు పెట్టి ఆరు సిలిండర్ల ఇంజన్ తీసేశారు. ఆ స్థానంలో నాలుగు సిలిండర్ల టర్బో ఇంజన్ పెట్టారు. కేమన్, బాక్స్‌స్టర్ లోపల ఒకటే బండి. ఒకదానికి గట్టి కప్పు, రెండోదానికి తీసే కప్పు. మధ్య వేరియంట్ అయిన 718 బాక్స్‌స్టర్ ఎస్ ఆటోమేటిక్ గేర్లతో 4.2 సెకన్లలో వంద చేరింది. పాతదాని కంటే 0.6 సెకన్లు తక్కువ. మరి జర్మనీలో కొండల మధ్య ఇరవై కిలోమీటర్లకు పైగా సాగే నూర్బుర్గ్‌రింగ్ నార్డ్‌ష్లైఫె ట్రాక్ మీద? 7 నిమిషాల 42 సెకన్లు. పాతదాని కంటే 16 సెకన్లు తక్కువ.

పికప్‌లో మిగిలింది అర సెకను చిల్లర. రౌండులో మిగిలింది పదహారు సెకన్లు. ఇవి ఎక్కడి నుంచి వచ్చాయి? కొంత ఇంజన్ బలమే, అందులో అనుమానం లేదు. టార్క్ 360 న్యూటన్ మీటర్ల నుంచి 420కి పెరిగింది. అది 1,900 ఆర్‌పీఎం దగ్గరే మొదలై 4,500 దాకా నిలుస్తుంది కాబట్టి మలుపు దాటి బయటికి వచ్చిన ప్రతిసారీ బండి వెంటనే అందుకుంటుంది. మిగతాదంతా చూపుకు కనపడని పని. స్టీరింగ్ పది శాతం చురుకైంది. వెనక చక్రాలు అర అంగుళం వెడల్పయ్యాయి. వెనక సస్పెన్షన్‌ను పట్టి ఉంచే ఫ్రేము పక్కలకు ఊగకుండా బిగించారు. బ్రేక్ కాలిపర్లు 911 కారెరా నుంచి తెచ్చి, ముందు డిస్కుల మందం ఆరు మిల్లీమీటర్లు పెంచారు. ఆరు మిల్లీమీటర్లు! దీని గురించి చాయ్ దగ్గర ఎవరూ మాట్లాడరు. కానీ ఇంజనీర్లు రాత్రింబవళ్లు తలపట్టుకునేది దాని గురించే.

ఇంజన్ ఎక్కడుందన్నది ఇంకా పెద్ద సంగతి. కేమన్‌లో ఇంజన్ సీట్ల వెనక, వెనక చక్రాలకు ముందు, బండి నడిబొడ్డుకు దగ్గరగా ఉంటుంది. కావడి మోసేవాణ్ణి గుర్తు తెచ్చుకోండి. రెండు చివర్లా రెండు కుండలు. జనంలో గబుక్కున పక్కకు తిరగాలంటే కావడి తిరగనంటుంది. తిరగడం మొదలయ్యాక ఆగనంటుంది. అంతే నీళ్లు ఒక్క బిందెలో పోసి చంకన పెట్టుకున్న మనిషి అదే బరువుతో చటుక్కున తిరుగుతుంది, చటుక్కున ఆగుతుంది. బరువు మారలేదు, బరువు ఉన్న చోటు మారింది. నడుమ ఇంజన్ ఉన్న కూపే అంత మాట వినేది ఇందుకే. సున్నా నుంచి వందకు తిన్నగా పోయే పరుగులో ఈ గుణానికి ఒక్క మార్కు కూడా పడదు.

చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్ మీద జరిగింది చెప్తాను. మిత్రుడి 718 కేమన్ తీసుకెళ్లాం. ఎస్ కూడా కాదు, 300 హార్స్‌పవర్ బేస్ మోడల్. మా అన్న కొడుకు తన ఎలక్ట్రిక్ సెడాన్‌తో వచ్చాడు. దాని పేరు ఇక్కడ అనవసరం. మెయిన్ స్ట్రెయిట్ మీద వాడి బండి ఒడిసెలలోంచి రాయి వెళ్లినట్టు వెళ్లిపోయింది. నాకు అందలేదు, అందుతుందని అనుకోనూ లేదు. కానీ ప్రతి మలుపు ముందూ వాడు నాకంటే చాలా ముందుగా బ్రేక్ తొక్కాల్సి వచ్చేది. మూడో రౌండుకి బ్రేక్ పెడల్ లోతుకు దిగడం మొదలైంది. నాలుగో రౌండులో బ్యాటరీ వేడెక్కిందని స్క్రీన్ మీద హెచ్చరిక వచ్చి పవర్ తగ్గిపోయింది. మా బండి పెడల్ ఎనిమిదో రౌండులోనూ మొదటి రౌండులో ఎక్కడ గట్టిపడిందో అక్కడే గట్టిపడింది.

తర్వాత వాణ్ణి పక్క సీట్లో కూర్చోబెట్టుకున్నాను. మలుపు దగ్గర బ్రేక్ మీంచి కాలు ఒక్కసారిగా తీసేయకుండా, మెల్లగా వదులుతూ స్టీరింగ్ తిప్పాను. అలా చేస్తే బరువు ముందు టైర్ల మీద నిలిచి ముక్కు లోపలికి వస్తుంది. కాలు వెంట్రుకవాసి ఎక్కువ వదిలితే బండి కొంచెం వెడల్పుగా పోతుంది. తక్కువ వదిలితే వెనక భాగం కదలడం నడుముకు తెలుస్తుంది. అడిగినంతే ఇస్తుంది, అడిగినప్పుడే ఇస్తుంది. పర్ఫార్మెన్స్ అనే మాటకు నాకు తెలిసిన అర్థం ఇదే.

ఇది పెట్రోలుకూ కరెంటుకూ మధ్య తగాదా అనుకుంటే నా వాదన అర్థం కానట్టే. తగాదా అంకెకూ బండికీ మధ్య. 2,200 కిలోల బండి 1,350 కిలోల బండి కంటే ఒకటిన్నర రెట్లకు పైగా వేడిని బ్రేకుల్లో కరిగించాలి. మోటారు వెనక్కి లాక్కునే శక్తి అందులో కొంత ఆదుకుంటుంది. ఈ సంగతి తెలిసిన వాళ్లు ఎలక్ట్రిక్ వైపూ ఉన్నారు. 2023లో హ్యుందాయ్ అయానిక్ 5 ఎన్ తెచ్చింది. అది 3.4 సెకన్లలో వంద అందుకుంటుంది. ఆ అంకెతోనే సరిపెట్టుకోవచ్చు కదా? సరిపెట్టుకోలేదు. ముందు చక్రాలకు 400 మిల్లీమీటర్ల డిస్కులు వేశారు, ట్రాక్ మీద తట్టుకునేలా బ్యాటరీని చల్లబరిచే ఏర్పాటు చేశారు, లేని గేర్లు మారుతున్నట్టు చేతికి తెలిపే పద్ధతి కూడా పెట్టారు. అంకె చాలదని వాళ్లే ఒప్పుకున్నారు.

718 మీద ఉన్న ఒక ఫిర్యాదు న్యాయమైనదే. నాలుగు సిలిండర్ల శబ్దం బాగోదు. పాత ఆరు సిలిండర్ల పాట విన్న చెవికి ఇది గరుకుగా ఉంటుంది. కస్టమర్లు గొడవ చేశాక, 2020లో జీటీఎస్ వేరియంట్‌కు నాలుగు లీటర్ల ఆరు సిలిండర్ల ఇంజన్ తిరిగొచ్చింది. అయితే శబ్దం నచ్చనివాళ్లు అక్కడితో ఆగకుండా ‘నాలుగు సిలిండర్లు పెట్టి పోర్షే పేరు చెడగొట్టారు’ అన్నారు. అది చరిత్ర తెలియని మాట. 718 అన్న పేరే 1957 నాటి నాలుగు సిలిండర్ల రేసు కారుది. 1960లో సిసిలీ కొండదారుల్లో జరిగిన తార్గా ఫ్లోరియో రేసులో, రెండు లీటర్లు కూడా లేని ఇంజన్‌తో 718 ఆర్‌ఎస్60 మొదట వచ్చింది. దాని కంటే పెద్ద ఇంజన్ ఉన్న ఫెరారీ రెండో స్థానంలో నిలిచింది. మలుపులే మలుపులుగా ఉన్న దారిలో తేలికైన బండి ఏం చేయగలదో అప్పుడే తేలింది.

‘ఎస్’ అటు బేస్ కాదు, ఇటు టాప్ మోడల్ కాదు, మధ్యలో ఎందుకు అనేవాళ్లకూ నా జవాబు ఇదే. పై స్థాయి జీటీ4కి 420 హార్స్‌పవర్. దాని గట్టి సస్పెన్షన్, నేలకు ఆనే ముందు భాగం ట్రాక్ కోసం పుట్టినవి. ఎస్‌లో బేస్ మోడల్‌కు లేని వేరియబుల్ జ్యామెట్రీ టర్బో ఉంది. 911 టర్బో కోసం తయారుచేసిన పరిజ్ఞానం అది. ఎస్‌కి 350 హార్స్‌పవర్, 1,355 కిలోలు. మామూలు రోడ్డు మీద మనిషి వాడుకోగలిగినంత బలం, అదుపులో పెట్టుకోగలిగినంత బరువు. ఈ 718 బండ్ల తయారీ 2025తో ఆగిపోయింది. పదేళ్లపాటు మనం వాటిని స్టాప్‌వాచ్‌తో మాత్రమే తూచాం.

నాకు నిజంగా బాధ కలిగించేది వేరే ఉంది. ఈ అంకెను మామూలు రోడ్డు మీద వాడాలంటే సిగ్నల్ దగ్గర నుంచి దూకించడం తప్ప మార్గం లేదు. పికప్ గొప్పని నేర్పితే కుర్రాళ్లు నేర్చుకునేది అదే. హైదరాబాద్ ఓఆర్‌ఆర్ మీద గరిష్ఠ పరిమితి గంటకు 120. ఇప్పటి ఎలక్ట్రిక్ సెడాన్ ఐదారు సెకన్లలో ఆ హద్దు దాటేస్తుంది. ఆ తర్వాత కుర్రాడికి కావలసింది ఆపడం, తిప్పడం, టైరు ఎక్కడ పట్టు వదులుతుందో పసిగట్టడం. వాటి గురించి వాడికి మనం ఒక్క అంకె కూడా చెప్పలేదు. కార్ల గురించి రాసే మేమైనా ముందు బరువు వేయాలి. దాని పక్కన వంద నుంచి ఆగే దూరం, పదో రౌండులో పట్టిన సమయం వేయాలి. పికప్ ఆ తర్వాత.

ఆ రోజు సాయంత్రం పిట్ లేన్‌లో మా అన్న కొడుకు ఫోన్ తీసి, డిజిలాకర్‌లో తన బండి ఆర్‌సీ తెరిచాడు. ‘అన్‌లేడెన్ వెయిట్’ అన్న గడి దగ్గర వేలు ఆగింది. రెండు వేల నూట చిల్లర. కొని ఏడాదైనా ఆ గడి ఎప్పుడూ చూడలేదన్నాడు. కాసేపు తన బండి ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాడు. డిస్కు ఇంకా సెగలు కక్కుతోంది.

“బాబాయ్, ఇంకో మూడు రౌండ్లు మీ పక్కన కూర్చోనా?” అన్నాడు.