దూరవిద్యార్థి – గ్రంథాలయము

విద్యార్జనమునకు గురువు, గ్రంథము, అభ్యాసము అను మూడును ఆవశ్యకములు. పాఠశాలలో గురుసన్నిధి కలదు గనుక గ్రంథము కొరతగా నున్నను చదువు సాగినది. వావిళ్ల వారి ప్రతి యొకటి పదిమందికి సరిపోయెడిది. సందేహము కలిగినచో పుటలు తిరుగవేయుటకు ముందే గురుముఖమున సమాధానము లభించెడిది. దూరవిద్యలో ఈ క్రమము తారుమారైనది. అచట గురువు దూరమున నున్నాడు. ఆ లోటు తీర్పవలసినది గ్రంథము. గ్రంథమును గూడ దూరముననే ఉంచినచో విద్యార్థికి మిగులునది పరీక్ష యొక్కటే.

ఢిల్లీ విశ్వవిద్యాలయమున 1962లో ఉత్తరప్రత్యుత్తర విద్య మొదలైనది. ఆంధ్ర విశ్వవిద్యాలయము 1972లో ఆ మార్గమున నడచినది. 1982లో తెలుగునాట ఏర్పడి, 1991లో డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు దాల్చిన సార్వత్రిక విశ్వవిద్యాలయము దేశమున ఆ కోవకు చెందినవానిలో మొదటిది. పల్లెటూరి ఉపాధ్యాయులు, అర్చకులు, గృహిణులు, చిరుద్యోగులు ఇట్టి సంస్థల మూలమున తెలుగు సంస్కృతములలో పట్టములు పొందగలిగిరి. ఇన్నేండ్లలో పాఠములను అచ్చొత్తి పంపు పద్ధతి స్థిరపడినది గాని, గ్రంథములను ఎరువిచ్చు పద్ధతి స్థిరపడలేదు. 1985లో వెలసిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము ప్రధాన, ప్రాంతీయ, అధ్యయన కేంద్రములను మూడంచెలలో గ్రంథాలయములను సంకల్పించినది. సంకల్పము శ్లాఘ్యము. కాని ఏ సంస్థదైనను అధ్యయన కేంద్రమనగా పెక్కుచోట్ల సెలవునాడు తెరచు డిగ్రీ కళాశాల గది. అందలి బీరువా తాళపుచెవి మరియొకరి యొద్ద నుండును.

పాఠములు పంపుచున్నాము గదా, గ్రంథములేల యని కొందరి వాదము. రఘువంశ సర్గ యొకటి పాఠ్యమనుకొనుడు. పంపిన పుస్తకమున శ్లోకము, ప్రతిపదార్థము, తాత్పర్యము ఉండును. మల్లినాథుని సంజీవని ఉండదు. ఆయన ఏ పదమునకు అమరమును ప్రమాణముగా చూపెనో, ఏ పాఠమును ఏల గ్రహించెనో తెలియక సంస్కృతమున ఎం.ఏ. పట్టము పొందుట సాధ్యమగుచున్నది. ఇది విద్యార్థి దోషము కాదు. కోలాచల మల్లినాథుడు మెదకు సీమవాడని ప్రసిద్ధి. ఆ సీమలోని దూరవిద్యార్థి సంజీవని ముద్రితప్రతిని ఎరువు తెచ్చుకొనుటకు రాజధాని బస్సెక్కవలసియుండుట ఆ మహనీయునకు మనమొనర్చు గౌరవము కానేరదు.

అంతర్జాలమున అన్నియు కలవను సమాధానము వినవచ్చుచున్నది. 2018లో జాతికి అంకితమైన జాతీయ డిజిటల్ గ్రంథాలయము నిస్సంశయముగా మేలు చేయుచున్నది. కాని మూలము పైన, వ్యాఖ్య క్రింద సన్నని అక్షరములలో నుండు నిర్ణయసాగర ముద్రణను చేతిఫోనులో చదువుట యెట్టిదో చదివినవారికే యెరుక. ఇటీవలి విమర్శగ్రంథములు గ్రంథస్వామ్య కారణమున అందు సాధారణముగా లభింపవు.

గ్రంథపాలకుల భయము వేరు. పరహస్తగతమైన పుస్తకము గతమేయని పెద్దలన్న మాట వారికి కంఠస్థము. (ఇతర సుభాషితములు అంతగా జ్ఞాపకముండవు.) ఈ భయము నిరాధారము కాదు. అయినను ధరావతు గైకొనవచ్చును. బాకీ లేదను పత్రము లేనిదే పట్టము ఈయకుండవచ్చును. కళాశాల విద్యార్థికి వర్తించు ఈ నియమములు దూరవిద్యార్థికి వర్తింపకపోవుటకు హేతువు లేదు.

పుస్తకమును చేర్చుట యెట్లు? తపాలా శాఖ రిజిష్టరు బుక్‌పోస్టును 2024 డిసెంబరులో నిలిపివేయగా పుస్తకప్రియులు చింతిల్లిరి. పిదప 2025 మే 1న జ్ఞాన్ పోస్ట్ ఆరంభమైనది. 300 గ్రాములకు 20 రూపాయలు, 5 కిలోలకు 100 రూపాయలు దాని ఆరంభపు ధరలు. రానుపోను ఖర్చు విద్యార్థియే భరించినను ప్రయాణపు ఖర్చుకంటె తక్కువ. ఒకనాటి జీతపు కోత అసలే ఉండదు. పాతూరి నాగభూషణంగారు 1935లో పెదవడ్లపూడి కొల్లూరుల నడుమ కాలువపై పడవలో గ్రంథములను త్రిప్పిరి. నాడు పడవకు సాధ్యమైనది నేడు తపాలాకు అసాధ్యమనుట వింతగా నున్నది.

ఇందు ప్రాచ్యకళాశాలల పాత్ర ముఖ్యము. దూరవిద్యా పట్టమును చిన్నచూపు చూచుట ఈ కళాశాలలందు అలవాటైనది. ఆ చిన్నచూపునకు కొంత కారణము లేకపోలేదు. కాని వ్యాఖ్యానసహిత కావ్యములు, వ్యాకరణ గ్రంథములు, ప్రాత నిఘంటువులు ఉన్నది ఈ కళాశాలల బీరువాలలోనే. పలుచోట్ల విద్యార్థుల సంఖ్య క్షీణించి, వానిని విప్పువారు లేక చెదలు చదువుచున్నవి. ఒక వైపు పాఠకులు లేని గ్రంథములు, మరియొక వైపు గ్రంథములు లేని పాఠకులు. నడుమ నున్నది ఒక తాళము. గడపపై దీపము లోపలికిని వెలుపలికిని వెలుగిచ్చినట్లు ప్రాచ్యకళాశాల గ్రంథాలయము ఉభయులకు ఉపకరింపవలెను.

ఇందులకు విశ్వవిద్యాలయము, కళాశాల కలిసి ఒడంబడిక చేసికొనవలెను. గ్రంథపాలకుడు లేనిచోట ఆ భారము ఉపన్యాసకునిపై పడును గనుక అతనికి పారితోషికము విశ్వవిద్యాలయమే ఈయవలెను. ఉచితసేవగా విధించినచో అది మూణ్ణాళ్ల ముచ్చటయే. అరుదైన ప్రతులను అచటనే చదువనిచ్చి, తక్కినవి నెల గడువున ఎరువీయవచ్చును. ఆదివారము అధ్యయన తరగతి ముగిసిన పిదప రెండు గంటలు తలుపు తెరచియుంచినచో, సాయంకాలపు బస్సు వేళకు విద్యార్థి పుస్తకముతో ఊరికి బయలుదేరగలడు.