కప్పు యూనిట్ కాదండీ, వేరియబుల్

ఇండియాలో అయినా, అమెరికాలో అయినా మనవాళ్ళు చాలామంది ఇప్పుడు ఇంట్లోనే కేకులూ, బ్రెడ్డూ చేసేస్తున్నారు. బానే ఉంది. కానీ రెసిపీలో "మూడు కప్పుల మైదా" అని కనపడగానే నెట్‌లో ఓ చార్టు వెతికి, గ్రాముల్లోకి మార్చేసి, పనైపోయింది అనుకుంటారు చూడండీ, నా పేచీ అక్కడే.

నీళ్ళతో ఏ గొడవా లేదు. పిండి అలా కాదు, అందులో గాలి ఉంటుంది. చెంచాతో వదులుగా పోసి పైన కత్తితో గీసేస్తే అమెరికన్ కప్పులో సుమారు 120 గ్రాములు పడుతుంది. అదే కప్పుని డబ్బాలో ముంచి తీస్తే 150 దాకా పోవచ్చు. పోనీ పెద్దవాళ్ళయినా ఒక మాట మీదున్నారా? కింగ్ ఆర్థర్ వాళ్ళ లెక్కలో కప్పు మైదా 120 గ్రాములు. అమెరికాస్ టెస్ట్ కిచెన్ వాళ్ళకి 5 ఔన్సులు, అంటే 142. ఎవరి రెసిపీకి వాళ్ళ లెక్క కరెక్టే. ఇక కప్పు సైజంటారా, అమెరికాది దాదాపు 237 మిల్లీలీటర్లు, ఆస్ట్రేలియాది 250, జపాన్‌ది 200!

దీనివల్ల ఏమవుతుందో లెక్క వేద్దాం. మూడు కప్పుల పిండికి 240 గ్రాముల నీళ్ళు అనుకోండి. పిండి 360 గ్రాములైతే నీళ్ళు 67 శాతం, మెత్తటి బ్రెడ్డు పిండి. 450 అయితే 53 శాతం, పూరీల పిండిలా బిగుసుకుంటుంది. రెసిపీ ఒకటే, కప్పూ ఒకటే, ముంచిన చెయ్యే వేరు.

1999లో నాసా వాళ్ళ మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ ఎలా పోయిందో మనందరికీ తెలిసిందే. ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్-సెకన్లలో ఇచ్చిన అంకెని ఇంకోటి న్యూటన్-సెకన్లు అనుకుంది. అక్కడైనా 4.45తో గుణిస్తే సరిపోయేది. ఇక్కడ ఆ కాన్‌స్టెంటే లేదు!

"మా అమ్మ ఏనాడైనా త్రాసు ముట్టుకుందా?" అనొచ్చు మీరు. నిజమే. ఇడ్లీకి గ్లాసు మినప్పప్పు, రెండు గ్లాసుల రవ్వ. గ్లాసు ఒకటే కాబట్టి అది ఏ సైజైనా నిష్పత్తి మారదు. పైగా పిండి చేత్తో చూసుకుని నీళ్ళు పోస్తుంది. పులుసులో ఉప్పు తగ్గితే మళ్ళీ వేస్తుంది. ఓవెన్‌లోకి వెళ్ళిన కేకుకి ఆ అవకాశం లేదు.

కాబట్టి నా సలహా ఇదీ. గ్రాముల్లో ఉన్న రెసిపీలే ఎంచుకోండి. కప్పుల్లోనే ఉంటే, రాసినవాళ్ళు కప్పుకి ఎన్ని గ్రాములు అనుకున్నారో ముందు వెతకండి. దొరక్కపోతే 120తో మొదలుపెట్టండి, చాలకపోతే కలుపుకోవచ్చు, ఎక్కువైన పిండిని వెనక్కి తియ్యలేం. ఈస్టు, వంటసోడా లాంటివి మాత్రం చెంచాతోనే కొలవండి. ఒక గ్రాము చొప్పున చూపించే మామూలు త్రాసు అంత చిన్న తూకాలకి పనికిరాదు.

ఇంకో ముఖ్యమైన మాట. ఈసారి ఊరెళ్ళినప్పుడు ఆ త్రాసు కూడా పట్టుకెళ్ళండి. అమ్మ అరిసెలకి ఇత్తడి సోలతో పిండి కొలుస్తుంటే, బెల్లం వేస్తుంటే, పక్కన నిలబడి తూచి రాసుకోండి. ఆ సోల ఎంతుంటుందో, దాన్ని ఏ మేరకి నింపాలో ఆవిడ చేతికే తెలుసు. దానికి బ్యాకప్ లేదు. సర్వర్లకి రోజూ బ్యాకప్‌లు తీసే మనం, దీనికి ఒక్క పూట కేటాయించలేమా?