పేరు లేని మృతులు

జర్మనీలోని డాఖౌ నిర్బంధ శిబిరము 1965లో స్మారకస్థలముగా తెరువబడినది. నాజీలు హతమార్చిన యూదులు 60 లక్షలమంది. వారి జ్ఞాపకార్థము 1953లో యెరూషలేమున యాద్ వషేమ్ సంస్థ స్థాపితమైనది. మృతుల బంధువులు, ఎరిగినవారు ఒక్కొక్కరికి ఒక్కొక్క పత్రము నింపి ఆ సంస్థకు ఇచ్చుచు వచ్చిరి. ఆ విధముగా లక్షలాది పేర్లు విస్మృతినుండి తప్పించుకొన్నవి.

తెలుగువారు దర్శింపదగిన దుఃఖస్థలమొకటి మనకు మరింత దగ్గరలోనే గలదు. అది థాయిలాండులోని కాంచనబురి. 1942–43లలో జపాను సైన్యము ఆ మార్గమున బర్మాకు 415 కిలోమీటర్ల రైలుదారి వేయించినది. ఆ పనిలో సుమారు 60,000 మంది యుద్ధఖైదీలు నియుక్తులుకాగా 12,000 మందికి పైగా మరణించిరి. ఆసియా కూలీలు రెండు లక్షలకు మించినవారు. వారిలో మృతులు 90,000 వరకు నుందురని అంచనా. మలయా రబ్బరు తోటలనుండి కొనిపోబడిన తమిళులును తెలుగువారును వీరిలోనివారే. ఆకలియు, కలరాయు, మలేరియాయు, దెబ్బలును వారిని బలిగొన్నవి.

నాజీలు ఒక జాతినే తుడిచివేయ నెంచిరి. ఇచ్చట మనుష్యుని ప్రాణమును లెక్కింపక పని పిండుకొనిరి. ఈ రెండు నేరములను ఒకటిగా చెప్పరాదు. అయినను మృతుని పేరు నిలుపవలసిన ధర్మము రెంటికిని సమానమే.

కాంచనబురి యుద్ధశ్మశానములో దాదాపు 7,000 సమాధులు గలవు. సైన్యములకు పట్టికలుండుటచే సైనికుల పేర్లు రాతికెక్కినవి. కూలీలకు అట్టి పట్టిక లేదు. వారిలో అత్యధికులకు సమాధియు లేదు, పేరును లేదు. పైగా మద్రాసు రాజధానినుండి పోయినవారిని 'తమిళ కూలీలు' అని ఒక్కపేర పిలుచుట వాడుకయైనది. తమిళ సోదరులతో కలిసి శ్రమించి, కలిసి మరణించినవారి విషయమున ఇది ఫిర్యాదు కాదు. కాని ఇంట తెలుగు, వీధిని తమిళము పలుకు మనకు, పేరు మరుగుపడుట యెట్టిదో వేరుగా చెప్పనక్కరలేదు.

ఎనుబది యేండ్లు గడచినవి. మలయాకు పోయి తిరిగిరాని పెద్దను గూర్చి మీ యింట నెవరికైన తెలిసియున్నచో, ఆయన పేరు, తండ్రిపేరు, ఊరు, తోటపేరు, చివరి ఉత్తరము వచ్చిన సంవత్సరము వ్రాసి మా కార్యాలయమునకు పంపవలెను. తెలిసినంతవరకే వ్రాసినను చాలును. థాయిలాండుకు పోవు యువకులు కాంచనబురిలో ఒక్కపూట నిలిచి రావలెను. అందిన పేర్లను ఈ పత్రికలో వారము వారము ప్రకటింతుము.