గినీ పిగ్ గూటి పరుపు: విస్తరణ శాస్త్రం పట్టించుకోని ప్రశ్న

అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతాల అపార్ట్‌మెంట్లలో బాల్కనీ మూలనో, హాలు పక్కనో గినీ పిగ్‌లను పెంచుకునే కుటుంబాలు ఉన్నాయి. గూడు శుభ్రత అనగానే వారికి తోచేవి నీళ్లు, ఫినాయిలు. నా అభిప్రాయంలో ఇది ప్రధానంగా కడగడానికి సంబంధించిన సమస్య కాదు. పరుపుగా వేసే పదార్థానికి, అందులో చేరే నత్రజనికి సంబంధించినది. ఆ రెండూ మన శాస్త్ర పరిధిలోనివే అయినా, వాటి గురించి నగరవాసికి మనం చెప్పినది దాదాపు ఏమీ లేదు.

ఈ జంతువు పంది కాదు, గినీ దేశానిదీ కాదు. (మనం పశుగ్రాసంగా సిఫారసు చేసే గినీ గడ్డి మాత్రం నిజంగా ఆఫ్రికాదే.) దీని స్వస్థలం దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వత ప్రాంతం. పెరూ దేశపు రైతులు నేటికీ దీనిని మాంసానికి పెంచుతూ, గూటి ఎరువును పొలానికి తరలిస్తారు. మనకు ఇది ప్రయోగశాల జంతువుగానే పరిచయం. 1907లో నార్వే శాస్త్రజ్ఞులు హోల్స్ట్, ఫ్రోలిక్ స్కర్వీ వ్యాధిని దీనిలోనే కలిగించి చూపారు. 1958లో కూనూరు నుండి హైదరాబాదుకు తరలివచ్చిన సంస్థే నేటి జాతీయ పోషకాహార సంస్థ. ప్రయోగశాల జంతువుల పెంపకానికి అక్కడ ప్రత్యేక విభాగమే ఏర్పడింది. ప్రయోగశాలలో పరుపు మార్పిడి రాతపూర్వక నియమంగా సాగుతుంది. ఆ క్రమశిక్షణ ఇళ్లకు చేరలేదు.

గూటిలో జరిగేది వ్యవసాయ విద్యార్థికి కొత్త కాదు. మూత్రంలోని యూరియాను యూరియేజ్ ఎంజైము అమ్మోనియాగా మారుస్తుంది. తడి నేలపై పైపాటుగా చల్లిన యూరియాకు జరిగే నష్టం వంటిదే ఇది. గినీ పిగ్ మూత్రం సహజంగానే క్షార గుణం కలది కనుక అమ్మోనియా మరింత సులభంగా వాయువై లేస్తుంది. కోళ్ల షెడ్డులో దీని గాఢత 25 పిపియం దాటరాదని రైతులకు చెబుతూనే ఉన్నాం. గినీ పిగ్ ముక్కు పరుపుకు రెండు అంగుళాల ఎత్తులోనే ఉంటుంది. గుమ్మంలో నిలబడిన మనకు వాసన తెలిసేసరికి అది ఎంతోసేపటి నుండి ఆ గాలినే పీలుస్తూ ఉండవచ్చు. ఊపిరితిత్తుల వ్యాధులకు, తడి పరుపుపై పాదాలకు పుండ్లు పడటానికి దారి ఇక్కడే ఏర్పడుతుంది. విస్తీర్ణం కూడా ముఖ్యమే. జంటకు కనీసం ఏడెనిమిది చదరపు అడుగుల నేల కావాలి. ఎకరానికి ఎంత నత్రజని అని లెక్కించే మనం గూటికీ ఆ లెక్క వేయవచ్చు. గూడు ఇరుకైన కొద్దీ అదే మూత్రం తక్కువ పరుపుపై పడుతుంది.

అమీర్‌పేట నుండి ఒక గృహిణి ఈ మధ్య నన్ను అడిగిన ప్రశ్న: “కోళ్లకు వేసే ఊక దీనికి వేయవచ్చా?” ఊక చవక, తెలంగాణలో పుష్కలం. కానీ సిలికా అధికంగా గల ఆ పొట్టు తేమను అంతగా పీల్చదు, గరుకు, దుమ్ము ఎక్కువ. కోడికి సరిపోయినది లేత పాదాలున్న ఈ జంతువుకు సరిపోదు. వరిగడ్డిలో మొనతేలిన కొనలు కంటికి గుచ్చుకోవచ్చు. కోత యంత్రం వదిలిన గడ్డి వానకు తడిసి ఉంటే బూజు కూడా ఉంటుంది. వేరుశనగ తొక్కలను నేను పూర్తిగా వద్దంటాను, శిలీంధ్ర విషాలకు ఈ జంతువు చాలా సున్నితం. కొబ్బరి పొట్టు నీటిని బాగా పట్టి ఉంచుతుంది, అయితే పైన పొడి పొర లేకుంటే జంతువు ఆ చెమ్మలోనే కూర్చుంటుంది. ప్రస్తుతానికి నా సిఫారసు ఇది: అడుగున దుమ్ము జల్లించిన, చిత్రిక పట్టిన చెక్క పొట్టు రెండు అంగుళాలు, పైన మెత్తని ఎండుగడ్డి. దేవదారు వంటి ఘాటైన చెక్క వద్దు. ఫర్నిచర్ పనివారి వద్ద ఉచితంగా దొరికే పొట్టులో ప్లైవుడ్ జిగురు, పాలిష్ కలిసి ఉంటాయి కనుక అదీ వద్దు. తడిసిన భాగాన్ని రోజూ తీసివేయాలి. వారానికి ఒకసారి, వానాకాలంలో రెండుసార్లు, మొత్తం మార్చాలి.

ఫినాయిలు అమ్మోనియాను తొలగించదు, దాని వాసనను కప్పిపెడుతుంది. సున్నం చల్లితే క్షారత పెరిగి అమ్మోనియా ఇంకా ఎక్కువగా వెలువడుతుంది. బ్లీచింగ్ పౌడరు మూత్రంతో కలిస్తే క్లోరమైన్ అనే విషవాయువులు పుడతాయి, మూసిన బాల్కనీలో అది మనిషికీ ప్రమాదమే. అడుగు పళ్లెంపై పేరుకునే తెల్లని గార కాల్షియం లవణం. నీటిలో కలిపిన వెనిగర్ దానిని కరిగిస్తుంది. తరువాత కడిగి, పూర్తిగా ఆరనిచ్చి పరుపు వేయాలి.

ఇక తీసివేసిన పరుపు సంగతి. ఇది కుళ్లే వ్యర్థం, వేరుగా ఇవ్వవలసినది. చాలా ఇళ్లలో అది ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి చెత్తబండి ఎక్కుతుంది. డాబా తోటలకు బస్తాల లెక్కన ఎరువు కొంటున్న నగరంలో ఇది నాకు వింతగా తోస్తుంది. అయితే పచ్చిగా కుండీలో వేయడం కూడా తప్పే. చెక్క పొట్టులో కర్బన నత్రజని నిష్పత్తి కొన్ని వందలు. సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనిని సైతం లాగుకోవడం వల్ల మొక్క పసుపు బారుతుంది. ఎర్రగడ్డ రైతుబజారు నుండి తెచ్చిన కూరల తొక్కలు, ఆకుల కాడలు కలిపి, చేతితో పిండితే చెమ్మ తగిలేంత తడిలో ఉంచి, వారానికోసారి తిరగవేయాలి. సాల్మొనెల్లా వంటివి ఉండవచ్చు కనుక పచ్చిగా తినే ఆకుకూరలకు బాగా మాగిన తరువాతే వాడాలి.

ఇది పశువైద్యుల పని కదా అని కొందరు సహచరులు అంటున్నారు. జబ్బు వారిదే. పంట అవశేషం ఎంత తేమను పీలుస్తుంది, ఎంత అమ్మోనియాను విడుస్తుంది, ఎన్ని వారాలకు మాగుతుంది అన్నవి మనవి. పైన నేను చెప్పిన సిఫారసు కూడా సాధారణ సూత్రాల నుండి తీసినదే, మన పదార్థాలను పక్కపక్కన పెట్టి తూచినది కాదు. ఊక, తరిగిన వరిగడ్డి, కొబ్బరి పొట్టు, చెక్క పొట్టు అనే నాలుగింటికి ఒకే మోతాదులో యూరియా ద్రావణం పోసి, ఆమ్లంలో అమ్మోనియాను పట్టి టైట్రేషన్ చేయడానికి జంతువు కూడా అవసరం లేదు. ఒక స్నాతకోత్తర విద్యార్థికి అది ఒక సెమిస్టరు పని. కొలత మే నెలలో ఒకసారి, ఆగస్టు తేమలో ఒకసారి జరగాలి.