కాయల చుట్టరికం బుట్టలకు వర్తిస్తుందా?

ఆబ్జెక్టు ఓరియెంటెడ్ ప్రోగ్రామింగులో క్లాసుల అమరిక వంశవృక్షాన్ని పోలి ఉంటుంది. ‘కాయ’ అనే మూల క్లాసు నుండి ‘మామిడికాయ’, ‘సొరకాయ’ అనే క్లాసులు పుడతాయి. కాయ కావలసిన ప్రతి చోటా మామిడికాయను నిస్సంకోచంగా వాడవచ్చును. మరి కాయల బుట్ట కావలసిన చోట మామిడికాయల బుట్టను ఇవ్వవచ్చునా? ఇవ్వవచ్చుననే తొందరపాటు సమాధానం ఎన్నో ప్రోగ్రాములకు చేటు తెచ్చింది.

ఆవకాయ పెట్టదలచిన ఇల్లాలు మామిడికాయల బుట్టను వాకిట ఉంచిందనుకోండి. అదీ కాయల బుట్టే కదా అని ఎవరో అందులో ఒక సొరకాయ వేసి వెళ్ళారు. కాయల బుట్టలో కాయను వేయటం నేరం కాదు. అయినా ముక్కలు కొట్టే వేళకు గాని పొరపాటు బయటపడదు. తప్పు జరిగినది వాకిట్లో, తెలిసినది వంటింట్లో. ప్రోగ్రాములోనైతే ఈ రెండింటి మధ్య వేల పంక్తుల దూరం, ఒక్కొక్కప్పుడు నెలల కాలం ఉండవచ్చును.

1987లో ఒక సదస్సులో బార్బరా లిస్కోవ్ ప్రస్తావించి, 1994లో జనెట్ వింగ్‌తో కలిసి విశదీకరించిన సూత్రం ఇక్కడ దారి చూపుతుంది. మూల క్లాసు విషయంలో నమ్మదగిన గుణం దాని సంతతిలోనూ నిలవాలి. ‘ఏ కాయనైనా స్వీకరిస్తుంది’ అనేది కాయల బుట్ట గుణం. మామిడికాయల బుట్టకు ఆ గుణం లేదు. కనుక కాయల చుట్టరికం బుట్టలకు సంక్రమించదు.

1995లో వెలువడిన జావా తన అరేల విషయంలో ఈ సూక్ష్మాన్ని సౌకర్యం కోసం పక్కన పెట్టింది. ఫలితంగా అరేలో వస్తువును ఉంచేటప్పుడు ప్రోగ్రాము నడుస్తూండగానే తనిఖీ చేయవలసి వచ్చింది. పొసగని వస్తువైతే ‘అరే స్టోర్ ఎక్సెప్షన్’ తప్పదు. సీ షార్ప్ కూడా అదే బాట పట్టింది. 2004లో జావాకు జెనెరిక్స్ వచ్చినప్పుడు ఈ పొరపాటును పునరావృతం చేయలేదు. కాయల జాబితా వేరు, మామిడికాయల జాబితా వేరు అని కంపైలరే నిలదీస్తుంది.

అయితే నిషేధం ఒక్కటే పరిష్కారం కాదు. బుట్టలోనుండి తీసుకొనే పనే అయితే మామిడికాయల బుట్టను కాయల బుట్టగా చూడటంలో హాని లేదు, ఇది అనులోమం. మామిడికాయలను వేసే పనే అయితే ఏ కాయలనైనా పట్టే బుట్ట చాలును, ఇది విలోమం. తీయటం, వేయటం రెండూ ఉన్నప్పుడు మాత్రం సరిగ్గా ఆ బుట్టే కావాలి. జావాలోని ‘ఎక్స్‌టెండ్స్’, ‘సూపర్’ గుర్తులు, 2010లో సీ షార్ప్‌లో చేరిన ‘అవుట్’, ‘ఇన్’ గుర్తులు ఈ భేదాన్నే తెలుపుతాయి.

ఇంతటి కట్టుదిట్టం అనవసరమని వాదించేవారూ లేకపోలేదు. చాలా ప్రోగ్రాములు జాబితాలను చదువుతాయే తప్ప మార్చవని వారి వాదం. 2012లో వచ్చిన టైప్‌స్క్రిప్ట్ తెలిసి తెలిసీ ఈ సడలింపును అంగీకరించింది. ఆ వాదంలో సత్యం ఉన్నది. కాని చదవటమే జరిగేటట్లయితే ఆ మాటను ప్రోగ్రాములోనే రాయటానికి అభ్యంతరమేమిటి? వ్రాసిన మాటను కంపైలరు కాపాడుతుంది. మనసులోని మాటను మరుసటి ప్రోగ్రామరు ఎరుగడు.

విదేశాలలోని తెలుగు కుటుంబాలలో ఈ వృత్తిని నమ్ముకున్నవారు అనేకులు. వారి పిల్లలూ ఈ విద్యనే అభ్యసిస్తున్నారు. కంపైలరు కాదన్నప్పుడు బలవంతపు ‘కాస్ట్’తో దాని నోరు మూయించటం సులభం, కాని ఆ మౌనానికి మూల్యం చెల్లించేది అర్ధరాత్రి ఫోనుకు నిద్రలేచే ఉద్యోగి. ‘ఈ పని బుట్టలోనుండి తీస్తుందా, బుట్టలో వేస్తుందా?’ అన్న ప్రశ్నను ముందుగా వేసుకోవటం నేర్పితే ఆ రాత్రులు కొన్నైనా తగ్గుతాయి.