స్తంభం దగ్గర వర్తమానం

మా బూరెకు పన్నెండో ఏట రక్తపరీక్ష చేయించాం. రిపోర్టులో క్రియాటినిన్ అంకె చూసి డాక్టరుగారు కళ్లజోడు తీసి బల్లమీద పెట్టారు. ఆ చప్పుడుతోనే సంగతి సగం అర్థమైంది. “కిడ్నీలండీ. రెండు నెలలు, మహా అయితే మూడు” అన్నారు. మా ఆవిడ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను గోడమీది క్యాలెండరు వైపు చూశాను. బూరె మాత్రం బల్ల సొరుగు వైపే చూస్తోంది. బిస్కెట్లు ఉండేది అందులోనే.

బూరె జాతికుక్కేం కాదు. విజయవాడలో బందరు కాలువ గట్టున, ఓ వానాకాలం సాయంత్రం దొరికిన నాటు పిల్ల. రంగు చూసి అమ్మ పెట్టిన పేరది. డాక్టరుగారి రెండు నెలలూ సాగి సాగి పద్నాలుగు నెలలయ్యాయి. అన్నాళ్లూ అది హాయిగానే బతికింది. మేమే, అది బతికుండగానే దానికి దినాలు చేశాం. పెరుగన్నం సగం వదిలేస్తే గుండెలో రాయి పడేది. గిన్నె నాకేస్తే, ఇదే ఆఖరి ముద్దేమోనని ఇంకో రాయి. నడిరాత్రి లేచి దాని పొట్ట ఆడుతోందో లేదో చూసేవాణ్ణి. అది ఒక కన్ను తెరిచి, నేనేనని చూసుకుని, మళ్లీ మూసేది. “దానికి లేని రోగం నీకు పట్టుకుందిరా” అనేది అమ్మ.

కుక్కలకు నిన్న లేదు, రేపు లేదు, వాటిలా బతకండి అంటూ వాట్సాప్‌లో పొద్దున్నే గులాబీ పువ్వుతో పాటు ఓ సూక్తి వస్తుంటుంది. కుక్కను పెంచినవాడెవడూ ఈ మాట రాసి ఉండడు. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో పావ్‌లోవ్ పరిశోధన మొదలుపెట్టింది అరుగుదల గురించి. 1904లో నోబెల్ బహుమతి వచ్చిందీ దానికే. ఆయన కుక్కలు తిండి నోటికి అందకముందే, తెచ్చే మనిషి అలికిడికే చొంగ కార్చేవి. రేపటి మాట ఎలా ఉన్నా, వచ్చే నిమిషం వాటికి బాగానే తెలుసన్నమాట. ఇక టోక్యోలో హచికో సంగతి సరేసరి. యజమాని ప్రొఫెసర్ ఉయెనో 1925 మేలో పోతే, 1935 మార్చిలో తాను పోయేదాకా షిబుయా స్టేషను దగ్గర ఎదురుచూసింది. అక్కడ దొరికే తిండి కోసమే వచ్చేదని వాదించినవాళ్లూ ఉన్నారు. మనిషి అనుమానానికి మందు లేదు.

బూరెకూ నిన్న ఉండేది. వారానికి రెండుసార్లు సెలైన్ పెట్టించాల్సి వచ్చేది. ఆసుపత్రి సందు మలుపులోనే తోక కాళ్ల మధ్యకు పోయేది, నాలుగు కాళ్లూ నేలకు తన్నిపెట్టి మొరాయించేది. చర్మం కింద సూది, భుజాల మధ్య నీటి తిత్తిలా ఉబ్బు, సన్నటి మూలుగు. అంతా అయ్యాక గుమ్మం దాటి ఓ క్షణం ఆగేది. ముక్కు కొస నుంచి తోక కొస దాకా ఒళ్లంతా దులపరించుకునేది. చెవులు టపటపమని కొట్టుకునేవి. అంతటితో ఆసుపత్రి అక్కడే రాలిపోయేది. మళ్లీ ఆ సందు వాసన తగిలినప్పుడే గుర్తొచ్చేది. నాకు మాత్రం ఆ కళ్లజోడు చప్పుడు పద్నాలుగు నెలలూ చెవుల్లోంచి పోలేదు. జ్ఞాపకశక్తిలో మా ఇద్దరికీ పెద్ద తేడా లేదు. దానికి దింపుకోవడం వచ్చు.

ఇదంతా రాస్తూ ఓ మాట దాటవేయలేను. 2023 ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో నాలుగేళ్ల పిల్లవాణ్ణి వీధికుక్కలు చంపేశాయి. ఆ ఇంటి ముందు నిలబడి కుక్క గురువు అనడానికి ఎవరికీ నోరు రాదు. నాకూ రాదు. నేను చెబుతున్నది నా గొలుసు కొసన ఉన్న ఒక్క కుక్క గురించే.

ఆ గొలుసుతోనే రోజూ పేచీ. పొద్దున నడక అంటే నాకు ఫోన్లో ఆరువేల అడుగులు. దానికి వీధి చివర కరెంటు స్తంభం. అక్కడ ఆగిందంటే నేను లాగేవాణ్ణి, అది బిగదీసేది. తెలుగులో వర్తమానమంటే ఇప్పటి కాలం, వర్తమానమంటే కబురు కూడా. రెండర్థాలూ కలిసి పనిచేయడం నేను ఆ స్తంభం దగ్గరే చూశాను. మనిషి ముక్కులో వాసన గ్రాహకాలు 60 లక్షల దాకా ఉంటే, కుక్కకు 30 కోట్ల దాకా ఉంటాయని అంచనా. కుక్కల మనసు మీద పనిచేసే అమెరికన్ శాస్త్రవేత్త అలెగ్జాండ్రా హొరోవిట్జ్, వాటికి కాలం కూడా వాసనగానే తెలుస్తుందంటారు. పలచబడిన వాసన వెళ్లిపోయినవాడిది, గాలిలో ఎదురొచ్చేది రాబోయేవాడిది. అంటే రాత్రి వచ్చిపోయిన పక్కవీధి మగకుక్క, మలుపు అవతల ఇంకా కంటికి కనపడని చేపల బుట్ట, అన్నీ దాని ‘ఇప్పుడు’లోనే ఉంటాయి. కాలభైరవుడికి కుక్కను వాహనంగా ఇచ్చినవాళ్లు ఇలాంటిదేదో గమనించే ఉంటారు. అంత విశాలమైన వర్తమానం కాళ్ల దగ్గర జరుగుతుంటే, నేను అదే స్తంభానికి ఆనుకుని ఫోన్లో నిన్నటి తగాదా, రేపటి ఎండ చదువుకుంటూ ఉండేవాణ్ణి. తలలో కుక్కలు చింపిన విస్తరి. ఆ సామెత కట్టినవాడు పాపం కుక్కల్ని ఎందుకు అన్నాడో!

ఆఖరి వారం బూరె నడవలేకపోయింది. స్తంభం దాకా ఎత్తుకుని తీసుకెళ్లాను. రెండు చేతులూ దానికే సరిపోయి ఫోను ఇంట్లోనే ఉండిపోయింది. దగ్గరకు రాగానే దింపమని కాళ్లు ఆడించింది. నా మోకాలికి ఒరిగి, సిమెంటుకు ముక్కు ఆనించి, పైనుంచి కిందకు, కిందనుంచి పక్కకు, తీరిగ్గా చదవడం మొదలుపెట్టింది. నేనూ పక్కనే గొంతుక్కూర్చున్నాను. చేపల గంప ఎత్తుకుని పోతున్న ముసలావిడ ఆగి మా ఇద్దర్నీ ఎగాదిగా చూసింది.

“ఏం బాబూ, పొద్దుటేల స్తంభం కాడ ఏం చేస్తన్నారు?”

“ఇవాళ కబుర్లు ఎక్కువున్నట్టున్నాయమ్మా” అన్నాను.